పెట్టెలో పుట్ట

ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డిమైదానాల్లో ఎండ మాడ్చేసే మధ్యాహ్నం పూట బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ కంటపడటం కష్టం. ఎలుక తవ్విన బొరియలోనో, చెదలు వదిలేసిన పుట్టలోనో ముడుచుకుని పడుకుని ఉంటుంది. పుట్టలో పాము ఉంటుందని మనకు వేరే చెప్పక్కర్లేదు, నాగుల చవితికి పాలు పోసేది అక్కడే. అయితే పాము పుట్టనే ఎందుకు వెతుక్కుంటుందన్నది మాత్రం పెద్దగా ఆలోచించం. లోపలికి పోయేకొద్దీ చల్లదనం, తేమ పెరుగుతాయి. పైకి వచ్చేకొద్దీ వెచ్చదనం దొరుకుతుంది. ఒంటికి అన్నివైపులా మట్టి తగులుతూ ఉంటుంది. బయట వాతావరణం ఎంత చప్పున మారినా లోపల ఆ మార్పు నిదానంగానే తెలుస్తుంది. ఇదంతా కొద్ది అడుగుల మేరలోనే.

అమెరికా, బ్రిటన్ ఇళ్లలో పెరిగే పాముల్లో కార్న్ స్నేక్‌తో పాటు ఈ చిన్న కొండచిలువది కూడా ముందు వరసే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్ల పిల్లాడు పాము కావాలని మారాం చేస్తే, అమ్మానాన్నలు ఒప్పుకోవడమంటూ జరిగితే, సాధారణంగా ముందు పాము ఇంటికొస్తుంది. దాని వెంట దుకాణంవాళ్లు చేతిలో పెట్టిన గాజు పెట్టె, కరెంటుతో వేడెక్కే పరుపులాంటి హీట్ మ్యాట్ ఒకటి వస్తాయి. ఈ వరస తలకిందులుగా ఉంది. పెట్టెకు పాము కంటే ఎక్కువ ఖర్చవుతుంది, దానికి పట్టే ఆలోచన ఇంకా ఎక్కువ.

మన దేశంలో ఉన్నవాళ్లకు ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడి పాముల్ని, అది విషం లేని జెర్రిపోతైనా సరే, ఇంట్లో పెంచుకోకూడదు. బాల్ పైథాన్ విదేశీ జీవే అయినా, దేశాల మధ్య వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం జాబితాలో ఉంది. కాబట్టి 2022 చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

ఇక అసలు సంగతి. మనం తిన్న తిండిలో చాలా భాగం ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. పాముకు ఆ ఖర్చు లేదు, అందుకే వారానికో రెండు వారాలకో ఒక ఎలుక సరిపోతుంది. దానికి బదులు వేడిని బయట నుంచి తెచ్చుకోవాలి. చలేస్తే వెచ్చని చోటికి, వేడెక్కితే చల్లని చోటికి జరుగుతుంది. తిన్న తర్వాత వెచ్చని చోటు వెతుక్కుంటుంది. బర్మీస్ పైథాన్ మీద జరిగిన పరిశోధన ఒకటి 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆహారం మింగిన రెండు మూడు రోజుల్లో దాని గుండె బరువు నలభై శాతం దాకా పెరుగుతుందని అందులో తేలింది. అరిగించుకోవడం పాముకు అంత పెద్ద పని. ఆ సమయంలో తగిన వేడి దొరక్కపోతే మింగిన ఎలుక కడుపులోనే కుళ్లుతుంది, పాము దాన్ని కక్కేస్తుంది.

అందువల్ల పెట్టెలో ఉష్ణోగ్రత ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఒకే అంకె జవాబు కాదు. బాల్ పైథాన్‌కైతే వెచ్చని కొసన 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని కొసన 25 నుంచి 27. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలది, దానికి చల్లని కొస ఇంకో మూడు నాలుగు డిగ్రీలు తగ్గినా ఫర్వాలేదు. పెట్టె అంతా 32 డిగ్రీలుంటే థర్మామీటర్ చూసి మనం మురిసిపోతాం కానీ, పాముకు తప్పుకునే దారి ఉండదు. పెట్టెకు పొడవు కావాల్సింది ముందుగా ఇందుకే. రెండడుగుల పెట్టెలో ఒక కొసన వేడినిచ్చే దీపం పెడితే రెండో కొస కూడా కాసేపటికి వేడెక్కుతుంది.

వేడి దేంతో ఇవ్వాలన్నదాని మీద పెంపకందార్ల వాదులాట ఎప్పటికీ తెగదు. పైనుంచి వచ్చే హాలోజన్ దీపం వేడి ఎండను పోలి ఉంటుంది, చర్మం లోపలికి దిగుతుంది. కింద అతికించే మ్యాట్ అది తగిలిన చోటునే కాస్తుంది తప్ప గాలిని పెద్దగా వేడి చేయదు. చీకట్లో కూడా వేడి కావాలంటే వెలుతురు లేని సెరామిక్ హీటర్లున్నాయి. ఏది వాడినా, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ లేకుండా ఒక్క రాత్రి కూడా వాడకూడదు. అడుగు కాలుతున్నా కదలకుండా పడుకుని, పొట్ట కింది పొలుసులు కమిలిపోయిన పాములు పశువైద్యుల దగ్గరికి వస్తూనే ఉంటాయి. రాయిలా కనిపించే కరెంటు హీటర్లు అమ్ముతారు, వాటి జోలికి అసలు పోవద్దు. పెట్టె లోపల దీపం పెడితే చుట్టూ జాలీ ఉండాలి, లేకపోతే పాము వెళ్లి దానికే చుట్టుకుంటుంది. థర్మోస్టాట్‌కు ఉండే, వేడిని కొలిచే ప్రోబ్‌ను కూడా కదలకుండా బిగించాలి. అది జారి నీళ్ల గిన్నెలో పడిందంటే చల్లటి నీళ్లను కొలిచి, ఇంకా వేడి చాలలేదనుకుని హీటర్‌ను ఆగకుండా మండిస్తుంది.

పెట్టె ఎంత ఉండాలి? పొడవు, వెడల్పు కలిపితే పాము పొడవుకు తగ్గకుండా ఉంటే చాలన్నది చాలాకాలంగా నడిచిన లెక్క. పాములు ఎప్పుడూ చుట్టచుట్టుకునే ఉంటాయి, వాటికి చోటెందుకన్నది దాని వెనకున్న వాదన. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో 65 పాముల్ని గంటసేపు చొప్పున గమనిస్తే, మూడో వంతుకు పైగా ఆ గంటలోనే ఒళ్లు తిన్నగా చాచాయి. 2021లో ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వాళ్లు చిన్న పెట్టెనూ పెద్ద పెట్టెనూ కార్న్ స్నేక్‌ల ముందుంచితే అవి పెద్దదాని వైపే మొగ్గాయి. సాధారణంగా నాలుగడుగుల దాకా పెరిగే బాల్ పైథాన్‌కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు కనీసం అనుకోవడం న్యాయం. పాముల్ని వందల సంఖ్యలో పొదిగించి అమ్మేవాళ్లు సొరుగుల్లాంటి ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంచుతారు. శుభ్రం చేయడం తేలిక, తేమ నిలుస్తుంది, ఖర్చు తక్కువ. ఇవన్నీ మనిషికి కలిసొచ్చేవే తప్ప ఆ డబ్బాలో పాముకు ఎంచుకోవడానికేమీ లేదని నా అభిప్రాయం.

పెద్ద పెట్టెలో పెడితే బాల్ పైథాన్ భయపడి తిండి మానేస్తుందని మీతో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందులో సగం నిజం. పెద్దదై, ఖాళీగా ఉంటే భయపడుతుంది. గద్దలకు, నక్కలకు చిక్కకుండా బొరియల్లో బతికే జీవిని నున్నటి నేల మీద, నాలుగువైపులా గాజు మధ్య వదిలితే ఇంకేం చేస్తుంది? దాగుడు గూళ్లు రెండు తప్పనిసరి, వెచ్చని కొసన ఒకటి, చల్లని కొసన ఒకటి. ఒకటే పెడితే భయం లేని చోటు కావాలా, తగిన వేడి కావాలా అని పాము తేల్చుకోవాల్సి వస్తుంది, చాలాసార్లు వేడినే వదులుకుంటుంది. గూడు ఇరుగ్గా ఉండాలి, చుట్టుకుంటే గోడలు ఒంటికి తగలాలి. మధ్యలో బెరడు ముక్కలు, ఎండుటాకులు, ప్లాస్టిక్ ఆకుల తీగలు పరిస్తే ఒక కొస నుంచి ఇంకో కొసకు కనపడకుండా వెళ్లొచ్చు. గట్టి కొమ్మ ఒకటి అడ్డంగా బిగించండి. నేలను అంటిపెట్టుకుని ఉంటుందని పేరుపడ్డ ఈ పాము, ముఖ్యంగా మగది, అడవిలో చెట్లెక్కి పక్షుల్ని కూడా తింటుంది.

తేమ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చలికాలంలో హీటర్ నడిచే అమెరికా ఇంట్లో గాలి ఎండిపోతుంది. పైన జాలీ మూత ఉన్న గాజు పెట్టెలో దీపం వేడికి గాలి పైకి లేచి, ఉన్న తేమను కూడా పట్టుకుపోతుంది. బాల్ పైథాన్‌కు అరవై శాతానికి అటూఇటూ కావాలి. పీవీసీ పెట్టె తేమను బాగా ఆపుతుంది. గాజుదే ఉంటే మూతలో చాలా భాగం కప్పాలి. అడుగున మూడు నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరిచి మూలల్లో నీళ్లు పోస్తే అడుగు తడిగా, పైపొర పొడిగా ఉంటుంది. మందం తగ్గించి రోజూ పైన చిలకరిస్తే పైపొర తడిసి పొట్ట పుండ్లు పడుతుంది. ఆ పొట్టు ఇటుకలు ఎక్కువగా మన దేశం నుంచో శ్రీలంక నుంచో వెళ్లినవే. కార్న్ స్నేక్‌కు పొడి ఆస్పెన్ చెక్కపొట్టు సరిపోతుంది. దేవదారు పొట్టు మాత్రం దేనికీ వద్దు, దాని ఘాటైన నూనెలు పాముకు పడవు. తేమ సరిపోయిందో లేదో కుబుసమే చెబుతుంది. ఒకే తొడుగులా ఊడితే బాగున్నట్టు, ముక్కలుగా రాలితే చాలనట్టు. పాముకు కనురెప్పలుండవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది, అది కూడా కుబుసంతో పాటే రావాలి. కాబట్టి పారేసే ముందు కుబుసం తల భాగంలో ఆ రెండు గుండ్రటి పొరలూ ఉన్నాయేమో చూడండి.

అతినీలలోహిత దీపం అవసరమా అంటే, కార్న్ స్నేక్‌లకు ఆ వెలుగు తగిలితే రక్తంలో విటమిన్ డి పెరిగిందని 2008 నాటి పరిశోధన చెబుతోంది. బాల్ పైథాన్‌లలో అలాంటి తేడా 2013లో చూసినవాళ్లకు కనిపించలేదు. తక్కువ తీవ్రతదైతే, తప్పుకునే నీడ ఉంటే, పెట్టినా నష్టం లేదు. ఇక తాళం మాటకొస్తే, తల పట్టిన సందులో ఒళ్లంతా పడుతుంది. మూత మీద లావాటి పుస్తకాలు పేర్చడం తాళం కిందికి రాదు, కార్న్ స్నేక్ దగ్గర అసలే కాదు.

అన్నీ అమర్చాక పాము లేకుండానే వారం రోజులు నడిపి, పగలూ రాత్రీ రెండు కొసల అంకెలూ రాసుకోండి. తప్పు దొరికితే సరిదిద్దేందుకు అదే సమయం. పాము వచ్చాక మరో వారం ముట్టుకోకుండా వదిలేసి, అప్పుడు మొదటి ఎలుక ఇవ్వండి. బాల్ పైథాన్ తినకపోతే ముందు ఉష్ణోగ్రతలు చూడాలి, తర్వాత గూళ్లు చూడాలి. అన్నీ సరిగ్గానే ఉండి, ఎదిగిన పామే అయితే, చలికాలంలో నెలల తరబడి ఉపవాసం ఉండటం దానికి మామూలే. వారానికోసారి తూచండి, బరువు తగ్గకుండా నిలకడగా ఉంటే కంగారు అక్కర్లేదు. ఆ తూకానికి వంటింటి త్రాసు మాత్రం వాడకండి. పాముల ఒంటి మీద జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటుంది, ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాములు వద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది కూడా అందుకే.