విరేచనాలు తగ్గాక కాళ్లు పడిపోతే: జీబీఎస్ వెనక కథ

2025 ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో ప్రకాశం జిల్లా మహిళ ఒకరు గులియన్ బారీ సిండ్రోమ్ (జీబీఎస్) అనే నరాల జబ్బుతో చనిపోయారు. అప్పటికే కొన్ని వారాలుగా టీవీల్లో పుణెలో ఇదే జబ్బు వార్తలు చూస్తున్న జనానికి టెన్షన్ పట్టుకుంది. కొత్త వైరస్ ఏదో దిగిందన్నారు. జీబీఎస్ వైరస్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఏటా లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో ఎప్పటినుంచో వస్తున్నదే.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1916లో, గులియన్, బారీ, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికుల గురించి రాశారు. కాళ్లూ చేతులూ పట్టు తప్పాయి. మోకాలి కింద సుత్తితో తట్టినా కాలు ఎగరలేదు. వెన్నులోంచి తీసిన నీటిలో ప్రోటీన్ బాగా పెరిగింది, కణాలు మాత్రం పెరగలేదు. ఆ పరీక్ష నేటికీ చేస్తున్నారు. జబ్బు పేరులోంచి స్ట్రోల్ జారిపోయాడు. 1859లోనే ఇలాంటి రోగుల గురించి రాసిన లాండ్రీకీ అందులో చోటు దక్కలేదు.

తర్వాత చాలాకాలం వైద్యులంతా ఒకే మాట మీద ఉన్నారు. నరమంటే కరెంటు వైరు లాంటిదనుకుంటే, లోపలి తీగ బాగానే ఉంటుందని, మన రోగనిరోధక శక్తే పొరబడి పైతొడుగును తినేస్తుందని. ఆ లెక్క తప్పేం కాదు, కానీ సగమే.

మిగతా సగం చైనా పల్లెల్లో దొరికింది. హెబెయ్ రాష్ట్రంలో ఏటా వేసవిలో పల్లెటూరి పిల్లలు గుంపులుగా కాళ్లు పడిపోయి ఆసుపత్రులకు వచ్చేవారు. పోలియో అనిపించేలా ఉండేది, కానీ కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి గై మెక్‌ఖాన్, జాక్ గ్రిఫిన్ బృందం అక్కడి డాక్టర్లతో కలిసి పనిచేసి 1991లో ఆ వివరాలు ప్రచురించింది. గ్రిఫిన్ నరాల డాక్టరే అయినా, ఆయన అసలు బలం మైక్రోస్కోపు. చనిపోయిన పిల్లల నరాలను పరీక్షిస్తే కొందరిలో తొడుగు చెక్కుచెదరకుండా ఉంది. రక్షణ కణాలు దాని కిందికి దూరి నేరుగా తీగనే చుట్టుముట్టాయి. జీబీఎస్‌లో తీగ మీద దాడి చేసే రకం కూడా ఉందని అలా రుజువైంది. నూరేళ్ల కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదే.

మరి శరీరం తన నరం మీద తానే ఎందుకు తిరగబడుతుంది? జపాన్ నరాల డాక్టరు నొబుహిరో యూకీ 1990లో దీని కొస పట్టుకున్నాడు. కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియాతో విరేచనాలు పట్టుకుని, ఆ తర్వాత జీబీఎస్ వచ్చిన రోగుల రక్తంలో, నరం పైపొరలోని ఒక పదార్థాన్ని పట్టుకునే యాంటీబాడీలు కనిపించాయి. ఆ బ్యాక్టీరియా ఒంటి మీదా అచ్చం అలాంటి చక్కెర గొలుసే ఉంటుంది. క్రిమిని వేటాడటానికి తయారైన యాంటీబాడీ, పోలిక చూసి నరాన్నీ పట్టుకుంటుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో, అంటే విరేచనాల సంగతి ఇంట్లోవాళ్లు మరిచిపోయాక, తిమ్మిర్లు మొదలవుతాయి.

ఉడికీ ఉడకని కోడిమాంసం, కలుషితమైన నీళ్లు ఈ క్రిమికి దారులు. నీళ్ల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018లో గుంటూరు ఆనందపేటలో, 2024 మేలో విజయవాడ మొగల్రాజపురంలో జనం విరేచనాలతో మంచం పట్టారు. ఆ విరేచనాల వల్ల జీబీఎస్ వచ్చిందని అనడం లేదు. కాంపైలోబాక్టర్ సోకినవాళ్లలోనూ వెయ్యికి ఒకరికి కూడా ఇది రాదు. కానీ ఈ క్రిమి మామూలు కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే పరీక్షలో, పెరగదు. దానికి ఆక్సిజన్ తక్కువగా ఉండాలి, 42 డిగ్రీల వేడి కావాలి. ప్రత్యేకంగా వెతకకపోతే రిపోర్టులో కనిపించదు.

పిల్లల విషయంలో మాత్రం పోలియో పుణ్యమా అని ఒక ఏర్పాటుంది. పదిహేనేళ్లలోపు ఎవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే ఆసుపత్రి తెలియజేయాల్సిందే, మలం నమూనాలు రెండు పంపాల్సిందే. దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో బయటపడింది. ఆ వలలో ఇప్పుడు పడుతున్నవాటిలో జీబీఎస్ ఎక్కువే. పెద్దవాళ్లకు ఇంత గట్టి లెక్క లేదు.

చికిత్స సంగతికొస్తే, రక్తంలోని ప్లాస్మాను మార్చడం పనిచేస్తుందని 1985లో, ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల) సూదిమందూ అంతే పనిచేస్తుందని 1992లో తేలింది. స్టెరాయిడ్ మాత్రలతో లాభం లేదు. సూదిమందు మోతాదు కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాములు, అయిదు రోజులు. అరవై కిలోల మనిషికి 5 గ్రాముల సీసాలు 24 కావాలి. సొంత ఖర్చుతో కొనాలంటే పొలం మీద అప్పు చేయాల్సిందే.

మందు పడ్డాక ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: "మళ్లీ ఎప్పుడు నడుస్తాడు డాక్టరుగారూ?" తీగే దెబ్బతింటే కోలుకోవడం కష్టమని మొదట్లో అనుకునేవారు. కానీ హెబెయ్ పిల్లల్లో కొందరు కొన్ని వారాల్లోనే లేచి తిరిగారు. తీగ కండను చేరే కొసలో మాత్రమే దెబ్బతింటే త్వరగా అతుక్కుంటుందని గ్రిఫిన్ బృందం తర్వాత చూపించింది. పైన, నడుము దగ్గరే తెగితే మాత్రం నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. అక్కణ్నుంచి పాదానికి తొంభై సెంటీమీటర్లనుకుంటే, తొమ్మిది వందల రోజులు.