పొట్టు సరే, నుసి సంగతేంటి?

హన్మకొండ శివారులో మా ఇంటి దర్వాజాలు తయారవుతున్న రేకుల షెడ్డు అది. పొద్దున పూట రేకుకున్న మేకు చిల్లులోంచి ఎండ లోపలికి పడుతుంది. టేకు చెక్క మీద నునుపు చేసే సాండర్ మిషన్ పెట్టగానే ఆ ఎండ తెల్లటి కడ్డీలా తేలింది. మిషన్ ఆపి, చాయ్ తాగి వచ్చాం. కడ్డీ అట్లాగే ఉంది.

కింద పడేది పొట్టు, పడనిది నుసి. పొట్టుతో పేచీ లేదు. ఊడ్చి సంచులకెత్తితే కోళ్ల ఫారం వాళ్లు పట్టుకుపోతారు. నుసి చీపురుకు దొరకదు, పైగా ఊడ్చిన కొద్దీ లేస్తుంది. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నుసిలో 10 మైక్రాన్లకన్నా చిన్న రేణువులు ముక్కు దాటి లోపలికి పోతాయి. 1 మైక్రాన్ రేణువైతే గాలి కదలకున్నా నేలకు దిగడానికి గంటలు పడుతుంది. చెక్క నుసి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ముఖ్యంగా ముక్కులో, దాని పక్కనుండే గాలి గదుల్లో వచ్చే క్యాన్సర్ అది.

షెడ్డు ఆయన నుసి పీల్చే మిషన్ పెట్టిద్దామనుకుంటున్నాడు. "2 హెచ్‌పీ సరిపోతదా సార్, 3 కావాల్నా?" అనడిగాడు. అందరూ మొదట అడిగేది మోటర్ గురించే. నన్నడిగితే అది ఆఖరున తేల్చాల్సిన లెక్క.

ముందు గొట్టం సంగతి చూడాలి. అందులో గాలి సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో పోతేనే పొట్టు మధ్యలో పేరుకోదు. ఆ వేగంతో 4 అంగుళాల గొట్టం నిమిషానికి సుమారు 350 ఘనపుటడుగుల గాలిని లాగుతుంది. 6 అంగుళాలదైతే 780 దాకా లాగుతుంది. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే లోపలి దారి రెండుంపావు రెట్లవుతుంది మరి. అదే 780ని 4 అంగుళాల గొట్టంలోంచి లాగాలంటే వేగం రెండుంపావు రెట్లు పెరగాలి. గాలి రాపిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి అది ఐదు రెట్లవుతుంది. ముడతల గొట్టం, ఎల్ మూలలు దానికి తోడు. పెద్ద మోటర్ కొన్న డబ్బంతా అక్కడే పోతుంది.

గొట్టం మూసుకుపోతే మోటర్ మీద భారం పెరుగుతుందనుకుంటాం. నిజానికి తగ్గుతుంది. లాగడానికి గాలే లేనప్పుడు మోటర్ తిప్పే పంకాకు పనేముంటుంది? బోరులో నీళ్లు అయిపోతే ఆంపియర్లు పడిపోవడం రైతులకు తెలిసిందే కదా, ఇదీ అంతే. మోటర్ హాయిగా తిరుగుతుంది, నుసి మాత్రం షెడ్డులోనే ఉంటుంది.

ఇక లాగిన నుసిని ఏం చేయాలన్నది. మిషన్‌తో వచ్చే పలచటి గుడ్డ సంచి పొట్టును పట్టి నుసిని మళ్లీ షెడ్డంతా చల్లుతుంది. అంతకన్నా మిషన్ లేకపోవడమే నయం. చలి దేశాల్లో వేడి చేసుకున్న గాలిని బయటికి వదులుకోలేక ఖరీదైన ఫిల్టర్లు పెట్టుకుంటారు. వరంగల్ ఎండల్లో రేకుల షెడ్డుకు దాచుకోవాల్సిన గాలి ఏముంది? బయటికే వదలొచ్చు. కాకపోతే పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలున్నాయి. అందుకని పంకాకు ముందు సైక్లోన్ డ్రమ్ము ఒకటి, బయట మంచి ఫిల్టర్ ఒకటి. డ్రమ్ములో గాలి సుడి తిరుగుతుంటే బరువైన పొట్టు అంచుకు తగిలి కిందికి జారుతుంది. ఫిల్టర్‌కు మిగిలేది నుసే.

ఇవన్నీ చెప్పినా ఆయన మనసు 3 హెచ్‌పీ మీదే ఉంది. దీపాన్ని ఊది ఆర్పొచ్చు కానీ పీల్చి ఆర్పలేం అన్నాను. నవ్వాడు. అప్పుడు, తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్న పాత పంకాను ఆన్ చేయించి, గోడ మీది బ్రహ్మంగారి ఫొటో ముందున్న అగరుబత్తి తెచ్చి 4 అంగుళాల గొట్టం మూతి ముందు పట్టాను. బెత్తెడు దూరంలో పొగ గీతలా లోపలికి దూసుకుపోయింది. జానెడు దూరంలో కొంచెం వంగింది. మూరెడు దూరంలో పంకా ఉన్నట్టే తెలియనట్టు నిటారుగా లేచింది. మూతి వ్యాసమంత దూరం జరిగేసరికి గాలి వేగం పదో వంతుకు పడిపోతుంది మరి.

ఆయన అగరుబత్తి నా చేతిలోంచి తీసుకుని తనే రెండుసార్లు ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. తర్వాత రంపం బల్ల కిందికి వంగి, చెవి మీది పెన్సిల్ తీసి, రంపం పళ్లకు బెత్తెడు దూరంలో ఒక గీత గీశాడు.