కళ్ళ పరీక్షకు సాయం వచ్చే పిల్లలకు

చెన్నై

చిరంజీవులకు ఆశీస్సులు.

శనివారం ఓ.ఎం.ఆర్. (పాత మహాబలిపురం రోడ్డు) పక్కనున్న ప్రభుత్వ బడిలో మా క్లబ్బు పెట్టే కళ్ళ పరీక్షకు మీరూ వస్తామన్నారట, సంతోషం. మొన్న లిఫ్టులో మీలో ఒకరు, "అవ్వా, మేం కళ్ళద్దాలు పంచాలా?" అని అడిగారు. పంచక్కర్లేదు. ఆ రోజు కళ్ళద్దాలే ఉండవు. మీరు చేయాల్సింది వేరే ఉంది.

ముందు క్లబ్బు సంగతి రెండు ముక్కల్లో. మాది లయన్స్ క్లబ్బు. 1917లో అమెరికాలో పుట్టింది, మన దేశానికి 1956లో వచ్చింది. చూపూ వినికిడీ రెండూ లేని హెలెన్ కెల్లర్ 1925లో లయన్స్ మహాసభకు వెళ్ళి, అంధుల కోసం పనిచేయండని అడిగారు. అప్పట్నుంచి కళ్ళ పని మాకు ముఖ్యమైంది. సభ్యులంటే గొప్పవాళ్ళేం కాదు. మందుల షాపాయన, సౌకార్‌పేట బట్టల వ్యాపారి, నాలాంటి రిటైర్డ్ టీచర్లు. డబ్బుకు రెండు ఖాతాలు ఉంటాయి. మేం కట్టే చందా ఒకదాంట్లో, నలుగురి దగ్గరా వసూలు చేసింది ఇంకోదాంట్లో. మీటింగులో మేం తినే ఇడ్లీలకు ఆ రెండో ఖాతాలోంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదు. నన్నడిగితే ఏ సేవా క్లబ్బునైనా బ్యానర్లు చూసి నమ్మొద్దు, ఆ రెండో ఖాతా పుస్తకం చూపించమనండి.

ఇక కళ్ళు. చూపు మెల్లమెల్లగా తగ్గుతున్న పిల్లకు ఆ సంగతి తెలియదు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటుంది. బోర్డు మీది లెక్క కనబడక పక్కపిల్ల నోట్సు చూసి రాస్తే, కాపీ కొడుతోందని తిట్లు తింటుంది. ఒక కన్ను బాగుండి రెండోది బలహీనంగా ఉంటే ఇంకా చిక్కు. బాగున్న కన్నే పనంతా చేసేస్తుంది, రెండో కన్ను పంపేదాన్ని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు కనిపెడితే చాలావరకు బాగుచేయొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ కష్టం, తర్వాత కళ్ళద్దాలు పెట్టినా ఆ కన్నుకు పూర్తి చూపు రాకపోవచ్చు. అందుకే ఒక్కో కన్నూ విడిగా చూడాలి.

టేపుతో 6 మీటర్లు కొలిచి నేల మీద సుద్దగీత గీస్తాం. గోడకున్న చార్టులో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం రకరకాలుగా తిరిగి ఉంటుంది. దాని కాళ్ళు ఎటున్నాయో పిల్లలు వేళ్ళతో చూపించాలి, చదువు రాకపోయినా ఫర్వాలేదు. కన్ను అరచేత్తో మూయించండి. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి చూస్తారు. నొక్కనివ్వకండి, నొక్కితే చెయ్యి తీశాక కాసేపు మసకగా ఉంటుంది. క్యూ గుమ్మం బయటే ఉండాలి. లోపల నిలబడితే, "కింద, పక్కకి, పైకి" అని బట్టీ పట్టేస్తారు. ఒకసారి ఓ కుర్రాడు ఆఖరి వరస దాకా గడగడా చూపించేశాడు. చార్టు మార్చేసరికి రెండో వరసలోనే ఆగిపోయాడు!

6/12 అని రాస్తే అవి పన్నెండుకి ఆరు మార్కులు కావు. మామూలు కంటికి 12 మీటర్ల నుంచి కనిపించే అక్షరం ఆ పిల్లకు 6 మీటర్ల దగ్గరికొస్తేగాని కనబడదని అర్థం. ‘ఫెయిల్’ అన్నమాట మీ నోట రాకూడదు.

ఆ బడిలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్ళ పిల్లలున్నారు. తమిళంలో చెప్తే అర్థంకాక తికమకపడి తప్పు చూపిస్తారు, మనం కంటిలోపం అనుకుంటాం. వాళ్ళను తెలుగులో అడగండి. మిమ్మల్ని పిలవడానికి ఇదొక కారణం.

చార్టు సరిగా చూడలేకపోయినవాళ్ళను ఆప్టోమెట్రిస్టు మళ్ళీ పరీక్షించి పవర్ రాస్తారు. ఫ్రేము మాత్రం పిల్లలే ఏరుకోవాలి. పెద్ద సమస్యలుంటే ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రికి తీసుకెళ్తాం. అది 1819 నాటిది.

కళ్ళద్దాలు తర్వాత వస్తాయి. అసలు తంటా అప్పుడు మొదలవుతుంది. మూడు నెలలకు వెళ్ళి చూస్తే కొందరి ముఖాన అవి ఉండవు. ‘సోడాబుడ్డి’ అని ఏడిపించారని ఒకడు తీసేస్తాడు. పగిలిపోతాయని ఒకమ్మ ట్రంకుపెట్టెలో దాస్తుంది. ఆడపిల్లకు కళ్ళద్దాలేంటని ఇంకొకరి నాన్న. మేం ముసలాళ్ళం ఎంత చెప్పినా వాళ్ళకు ఎక్కదు. మీలో కళ్ళద్దాలున్నవాళ్ళు అవి పెట్టుకుని వచ్చి వాళ్ళతో కబడ్డీ చూస్తూ నాలుగు కబుర్లు చెబితే చాలు. మూడు నెలల తర్వాత కూడా రావాలి సుమా, పరీక్ష రోజు ఒక్కటే వచ్చి మానేయడానికి ఒప్పుకోను.

పిల్లల ఫోటోలు తీయం. ఎవరైనా పెద్దమనిషి ఫోన్ తీస్తే మర్యాదగా వద్దనండి, టెన్షన్ పడొద్దు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీరు ఒకమ్మాయి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఆ అమ్మాయే దుర్గాబాయి. 1937లో మన మద్రాసులోనే ఆంధ్ర మహిళా సభ పెట్టింది కూడా ఆవిడే.

శనివారం ఎనిమిదిన్నరకు గేటు దగ్గర ఉండండి. ఇంట్లో చెప్పి, టిఫిన్ తినేసి రండి. టేపూ సుద్దముక్కలూ నేను తెస్తాను, నీళ్ళ సీసాలు మాత్రం ఎవరివి వాళ్ళే.

మీ
మూడో అంతస్తు అవ్వ