మామిడి చెట్టు యంత్రమా, సరుకా? అకౌంటింగ్ చదువులో అపోహలు – వాస్తవాలు

పగలు ఆడిట్ పని చేస్తాను. సాయంత్రం తిరుపతిలో బీకాం, ఎం.కాం. పిల్లలకు ఫైనాన్షియల్ రిపోర్టింగ్ చెబుతాను. ఏ కొత్త సమస్య ఇచ్చినా తరగతిలో వినిపించే మొదటి ప్రశ్న: "దీనికి ఎంట్రీ ఏమిటి మేడం?" ఆడిట్‌లో మేము వేసుకునే మొదటి ప్రశ్న వేరు: "అసలు ఇక్కడ జరిగింది ఏమిటి?" ఎంట్రీ, అంటే పుస్తకంలో రాసే వరుస, రెండు నిమిషాల పని. జరిగింది ఏమిటో తేల్చుకోవడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఈ చదువు చుట్టూ ఉన్న అపోహల్లో చాలావరకు ఈ తేడా తెలియక పుట్టినవే.

అపోహ: ఇంటర్మీడియట్ అకౌంటింగ్ అంటే ఇంటర్‌లో సీఈసీ వాళ్లు చదివేదే

పేరు తెచ్చిన తంటా ఇది. మన దగ్గర ఇంటర్మీడియట్ అంటే పదో తరగతి తరువాతి రెండేళ్లు. విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఇంటర్మీడియట్ అకౌంటింగ్ అంటే డిగ్రీలో ప్రాథమిక కోర్సు దాటాక వచ్చే రెండో మెట్టు. ఆస్తులకు విలువ కట్టడం, ఆదాయాన్ని ఎప్పుడు గుర్తించాలో తేల్చడం, లీజులు, వాయిదా పన్ను అందులో ఉంటాయి. మన బీకాంలో ఇదే సరుకు అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, కార్పొరేట్ అకౌంటింగ్ పేర్లతో చెల్లాచెదురుగా వస్తుంది. సీఏ చదివేవాళ్లకు మన పాత అకౌంటింగ్ స్టాండర్డులు (ఏఎస్‌లు) ఇంటర్ స్థాయిలో, అంతర్జాతీయ స్టాండర్డుల ఆధారంగా వచ్చిన ఇండ్ ఏఎస్‌లు ఫైనల్‌లో ఎదురవుతాయి.

అపోహ: స్టాండర్డులంటే నంబర్లు కంఠస్థం చేయడమే

నంబర్లకు ఒక చిన్న కిటుకు చాలు. అంతర్జాతీయ స్టాండర్డులకు ఐఏఎస్, ఐఎఫ్ఆర్ఎస్ అని పేర్లు. ఐఏఎస్ 2 మన దగ్గర ఇండ్ ఏఎస్ 2 అయింది. ఐఎఫ్ఆర్ఎస్ 15కు 100 కలిపి ఇండ్ ఏఎస్ 115 అన్నారు. ఐఎఫ్ఆర్ఎస్ 16 అయితే 116. ఇంతకు మించి నంబర్ల మీద శ్రమ పెట్టడం దండగ. కష్టమంతా ఎదురుగా ఉన్న వస్తువు ఏ స్టాండర్డు కిందికి వస్తుందో పోల్చుకోవడంలో ఉంది. దానికి మన చిత్తూరు వైపు దొరికినంత మంచి ఉదాహరణ నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు.

ఒక కంపెనీకి దామలచెరువు దగ్గర తోతాపురి మామిడి తోట ఉందనుకోండి. ఆ కంపెనీకి ఇండ్ ఏఎస్‌లు వర్తిస్తాయి. చెట్టు ఏ పద్దులోకి వెళుతుంది? పిల్లలు వెంటనే "వ్యవసాయం కదా, ఇండ్ ఏఎస్ 41" అంటారు. కాదు. మామిడి చెట్టు ఏళ్ల తరబడి కాపు కాస్తుంది. చెట్టును చెట్టుగా అమ్మే ఉద్దేశం ఉండదు. ఎండిపోయాక కట్టెలకు అమ్మితే అది లెక్కలోకి రాదు. ఇలా కాపు కోసమే పెంచే మొక్కను స్టాండర్డు ఫ్యాక్టరీలో యంత్రంలా చూస్తుంది, అంటే స్థిరాస్తుల స్టాండర్డు ఇండ్ ఏఎస్ 16. నాటిన నాటి నుంచి కాపుకు వచ్చేదాకా పెట్టిన నీరు, ఎరువు, కూలి ఖర్చులను, కడుతున్న భవనానికి కూడినట్టు కూడుకుంటూ పోవాలి. కాపుకు వచ్చాక తరుగుదల మొదలవుతుంది. 2016కు ముందు అంతర్జాతీయ స్టాండర్డు చెట్టును కూడా ఏటేటా మార్కెట్ విలువకు చూపమనేది. ఎదిగిన చెట్టు ఇక ఎదగదు, కాయలు మాత్రమే ఇస్తుందన్న వాదన నెగ్గి ఆ నియమం మారింది.

మరి కాయ? అది చెట్టు మీద ఉన్నంతకాలం ఇండ్ ఏఎస్ 41 కిందే ఉంటుంది. అమ్మకపు ఖర్చులు తీసేసిన న్యాయమైన విలువకు (ఫెయిర్ వాల్యూ, ఆ రోజు మార్కెట్ పలికే ధర) చూపాలి. ఇక్కడే పిల్లలు బోల్తా పడతారు. లెక్కలు ముగిసేది మార్చి 31న. తోతాపురి కోతకు వచ్చేది ఎండాకాలం చివర. అంటే సంవత్సరాంతానికి చెట్ల నిండా పిందెలు, చిన్న కాయలు వేలాడుతుంటాయి. పుస్తకం ముందు పెట్టుకుని లెక్క వేసేవాడికి అవి కనిపించవు, తోటలో నిలబడి చూస్తే కనిపిస్తాయి. కాయ కోసిన క్షణాన, అమ్మకపు ఖర్చులు తీసేసిన ఆ విలువే దాని కొన్న ధరగా మారి ఇండ్ ఏఎస్ 2లోకి సరుకుగా చేరుతుంది. ఒకే కొమ్మ మీద మూడు స్టాండర్డులు.

పక్క చేనులో అదే కంపెనీ ఎర్రచందనం నాటిందనుకోండి. అదీ చెట్టే, ఏళ్ల తరబడి నేలలో ఉండేదే. అయినా అది యంత్రం కాదు, ఎందుకంటే దాన్ని పెంచేది కొయ్య కోసం. ఆ చెట్టునే నరికి అమ్ముతారు కాబట్టి అది ఇండ్ ఏఎస్ 41 కిందే ఉంటుంది. ఏటా దాని విలువ పెరిగిన మేరకు లాభం చూపాలి. కొయ్య చేతికి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అప్పటిదాకా పైసా రాకపోయినా లాభనష్టాల నివేదికలో లాభం కనిపిస్తూ ఉంటుంది. వేరుశనగ ఒక్క పంటతో ముగుస్తుంది కనుక అదీ యంత్రం కాదు. ఇక ఆవు ఏటేటా పాలిస్తుంది, మామిడి చెట్టు లాంటిదే కదా అని ఏ బ్యాచ్‌లోనైనా ఒకరు తప్పక అడుగుతారు. తర్కం ప్రకారం వాళ్లది న్యాయమైన ప్రశ్నే. కానీ స్టాండర్డు ఆ మినహాయింపును మొక్కలకే ఇచ్చింది, పశువులకు ఇవ్వలేదు. ఆవు ఇండ్ ఏఎస్ 41లోనే ఉంది.

అపోహ: అమ్మితేనే నష్టం, అమ్మేదాకా సరుకు కొన్న ధరకే

ఇది పిల్లల అపోహ మాత్రమే కాదు, యజమానులదీ. ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన శిక్షణ) చేస్తున్న రోజుల్లో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సరుకు లెక్కకు వెళ్లాను. మార్చి చివర, గోదాములో డ్రమ్ములు వరసగా పేర్చి ఉన్నాయి. లెక్కపెట్టాను, పుస్తకంతో సరిపోయింది. అర్థం కావడానికి అంకెలు గుండ్రంగా చెబుతాను: రెండు లక్షల కిలోల గుజ్జు, తయారీ ఖర్చు కిలోకు 62 రూపాయలు. ధర పడిపోయి మార్కెట్‌లో 54 పలుకుతోంది, అందులో అమ్మకపు ఖర్చు 3. చేతికి వచ్చేది 51. కిలోకు 11 చొప్పున 22 లక్షలు తగ్గించాలని కాగితం మీద రాసి, గర్వంగా మా సీనియర్ ముందు పెట్టాను. యజమాని మొహం మాడ్చుకున్నారు. "సరుకు కళ్ల ముందే ఉంది కదమ్మా, అమ్మితే కదా నష్టం?"

సీనియర్ ఆయనతో వాదించలేదు. నా వైపు తిరిగి, "ఇందులో ఎవరికైనా ముందే మాట ఇచ్చిన సరుకు ఉందా? అడిగావా?" అన్నారు. అడగలేదు. సగం గుజ్జుకు కిలో 66 చొప్పున కొనుగోలుదారుతో ఖరారు ఒప్పందం ఉంది. ఒప్పందం ఉన్న సరుకుకు ఒప్పందం ధరే ఆధారం. 66లో 3 తీసేస్తే 63, తయారీ ఖర్చు కంటే ఎక్కువే. ఆ సగానికి ఒక్క రూపాయి తగ్గించనక్కరలేదు. అంటే తగ్గించవలసింది 11 లక్షలు. యజమాని మాట తప్పు, నా లెక్క కూడా తప్పే. ఆయన స్టాండర్డు చదవలేదు. నేను చదివి, గోదాములో ఉన్నదంతా ఒకే సరుకు అనుకున్నాను.

అపోహ: డబ్బు చేతికి వస్తే అది ఆదాయమే

ఒక కోచింగ్ సంస్థ జనవరి 1న ఏడాదికి 60,000 రూపాయల ఫీజు తీసుకుంది. "తిరిగి ఇవ్వబడదు" అని రసీదు మీద ముద్ర కూడా వేసింది. మార్చి 31 నాటికి ఆదాయం ఎంత? తరగతిలో సగం మంది 60,000 అంటారు, ఆ ముద్రను సాక్ష్యంగా చూపిస్తారు. డబ్బు వెనక్కి ఇవ్వనక్కరలేదన్నది ఒక విషయం, పాఠం చెప్పడం పూర్తయిందన్నది మరో విషయం. మూడు నెలల పాఠానికి 15,000 ఆదాయం. మిగిలిన 45,000 ఇంకా చెప్పవలసిన పాఠాల బాకీ, అప్పుల వైపు ఉంటుంది. ఆ ఫీజులోనే పుస్తకాల పెట్టె కూడా ఇచ్చి ఉంటే లెక్క మారుతుంది. ఆ పుస్తకాల వాటాను విడదీసి, ఇచ్చిన రోజే ఆదాయంగా గుర్తించవలసి రావచ్చు. ఆదాయం గురించిన ఇండ్ ఏఎస్ 115లోని ఐదు మెట్లూ చివరికి అడిగేది, ఏమి ఇస్తామని మాట ఇచ్చారు, ఎంత ఇచ్చేశారు అనే.

అపోహ: తరుగుదల అంటే కొత్తది కొనడానికి పక్కన పెట్టే డబ్బు

తరుగుదల రాసినంత మాత్రాన బ్యాంకులో ఒక్క రూపాయి పక్కకు జరగదు. అది పాత ఖర్చును ఏళ్ల మీద పరచడమే. పిల్లలను ఎక్కువ తికమక పెట్టేది దీని రెండో సగం, పన్ను లెక్క.

తిరుమల ఘాట్ మీద తిప్పడానికి ఒక ట్రావెల్స్ కంపెనీ 12 లక్షలకు కారు కొన్నది. కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం అద్దెకు తిప్పే కారు ఆయుష్షు 6 ఏళ్లు. మిగులు విలువ 5 శాతం, అంటే 60,000 తీసేస్తే ఏటా 1,90,000 తరుగుదల. ఆదాయపు పన్ను లెక్కలో అదే కారుకు 30 శాతం, మొదటి ఏడాది 3,60,000. తేడా 1,70,000. ఈ ఏడాది పన్ను తగ్గింది, కానీ పోలేదు. పన్ను లెక్కలో తరుగుదల ముందే ఎక్కువగా వాడేసుకున్నారు కనుక రాబోయే ఏళ్లలో అది తగ్గుతుంది, పన్ను పెరుగుతుంది. 25.168 శాతం రేటున దాదాపు 42,786 రూపాయలు వాయిదా పన్ను బాధ్యతగా నిలుస్తుంది. వాయిదా పన్ను అనగానే బెదిరిపోయే పిల్లలకు నేను సూత్రం చెప్పను. ఈ కారునే ఆరేళ్లు తిప్పమంటాను, ఏటా రెండు తరుగుదలలూ పక్కపక్కన రాసుకుంటూ.

అపోహ: ఇండ్ ఏఎస్ అంటే ఐఎఫ్ఆర్ఎస్‌కు కొత్త అట్ట

అమెరికా వీడియోలు చూసి చదువుకునేవాళ్లు ఈ భ్రమలో ఎక్కువగా పడతారు. పైగా అమెరికాది అసలు ఐఎఫ్ఆర్ఎస్ కూడా కాదు, వాళ్ల పద్ధతి వేరు. చివర వచ్చిన సరుకు ముందు పోయినట్టు లెక్కించే లిఫో అక్కడ చెల్లుతుంది. ఐఏఎస్ 2లో చెల్లదు, మన దగ్గరా చెల్లదు. నేను దిద్దిన ఒక జవాబు పత్రంలో లిఫో లెక్క అచ్చుగుద్దినట్టు సరిగ్గా ఉంది. మార్కులు వేయడానికే చోటు లేదు.

ఐఎఫ్ఆర్ఎస్‌కూ మనకూ మధ్య కూడా కావాలనే ఉంచిన తేడాలున్నాయి. అద్దె కోసం ఉంచిన భవనాన్ని ఐఏఎస్ 40 ప్రకారం న్యాయమైన విలువకు చూపవచ్చు. ఇండ్ ఏఎస్ 40 దానికి ఒప్పుకోదు. ఆస్తి అప్పుల పట్టీలో కొన్న ధర ఆధారంగానే చూపాలి, న్యాయమైన విలువను పట్టీకి జోడించే వివరణ (నోట్)లో చెప్పాలి.

ఇండ్ ఏఎస్‌లు ప్రతి కంపెనీకీ వర్తిస్తాయన్నదీ పొరపాటే. 2015 ఫిబ్రవరిలో ప్రకటించిన నియమాల ప్రకారం 500 కోట్లు, అంతకు మించిన నికర విలువ ఉన్న కంపెనీలు 2016 ఏప్రిల్ 1 నుంచి వీటిలోకి వచ్చాయి. స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన మిగతావీ, 250 కోట్ల గీటు దాటిన లిస్టు కానివీ మరుసటి ఏడాది చేరాయి. మిగిలినవాటికి పాత ఏఎస్‌లే. అయితే శ్రీసిటీలో ఉన్న ఒక చిన్న కంపెనీ, ఇండ్ ఏఎస్ వర్తించే పెద్ద కంపెనీకి అనుబంధ సంస్థ అయితే, దాని పరిమాణంతో పని లేకుండా అదీ ఇందులోకి వస్తుంది.

అపోహ: అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కలిస్తే లెక్క సరైనట్టే

యంత్రం మరమ్మతు ఖర్చును యంత్రం ఖాతాలో రాయండి. అంకణా చక్కగా కలుస్తుంది, లాభం మాత్రం అబద్ధం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ఆ కంపెనీ ఆస్తి అప్పుల పట్టీ కూడా రెండు వైపులా కలిసినదే.

అపోహ: తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు స్టాండర్డులు అందవు

దీని మీద నాకు కొంచెం కోపం ఉంది. చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా అంటూ నేర్చుకున్నవాళ్లకు లెక్క వెనుక ఉన్న ఆలోచన ముందే తెలుసు. వాళ్లను ఆపేది ఇంగ్లీషు వాక్యం పొడవు, విషయం కాదు. నేను చెప్పే పద్ధతి ఇది: వాక్యంలో ముందు క్రియను పట్టుకోండి. "షల్" అని ఉంటే తప్పనిసరి, "మే" అని ఉంటే ఎంచుకునే వీలు. తరువాత "అన్‌లెస్" ఎక్కడ ఉందో చూడండి, మినహాయింపు అక్కడే దాక్కుని ఉంటుంది. ఆపైన పేరాను తెలుగులో మీ మాటల్లో రెండు వరుసలు రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట. ఇంగ్లీషులో అప్పజెప్పేవాళ్లకు ఈ పరీక్ష పెడితే సగం మంది ఆగిపోతారు.

ఇంకొకటి, స్టాండర్డు చదివిన వారంలోనే ఏదో ఒక లిస్టయిన కంపెనీ వార్షిక నివేదిక తెరవండి. కంపెనీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. నిరుడు ఇండ్ ఏఎస్ 37 చెప్పినప్పుడు వారంటీ ఇచ్చే ఒక కంపెనీ నోట్ తీసి తలా ఒక కాపీ ఇచ్చాను. అమ్మిన వస్తువు రేపు పాడైతే బాగుచేయవలసిన బాధ్యత ఈ రోజే ఉంది కనుక దానికి ఈ ఏడాది ఖర్చులోనే ఏర్పాటు (ప్రొవిజన్) చేస్తారు, అంతవరకు అందరికీ తెలిసిపోయింది. చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి మూడు రోజుల తరువాత కాగితం మీద వేలు పెట్టి అడిగింది: "మేడం, నిరుటి ఏర్పాటులో ఇంత మొత్తం వాడకుండానే వెనక్కి తిప్పారు. అంటే నిరుడు లాభం తక్కువ చూపించినట్టా, ఈ ఏడాది ఎక్కువ చూపించినట్టా?" ఆ సాయంత్రం లీజులు మొదలుపెట్టవలసింది. పక్కన పెట్టి, ఆ ఒక్క వరుస మీదే గంటన్నర కూర్చున్నాం.