చల్లబరచడం రాని పెట్టె

మా వైపు ఇంట్లో బ్రెడ్డు కనబడితే మొదట అడిగే మాట, ‘ఎవరికి ఒంట్లో బాలేదు?’ అని. జ్వరమొస్తే పాలూ బ్రెడ్డూ, ఆసుపత్రిలో పలకరింపుకి వెళ్తే యాపిల్సూ బ్రెడ్డూ. దానితో మన చుట్టరికం చాలావరకు అంతే. అందుకే విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి బ్రెడ్ మెషీన్ వచ్చిన రోజున పక్క పోర్షన్ పిన్నిగారు దాన్ని ఎగాదిగా చూసి, ‘ఇంట్లో అందరికీ జ్వరాలొచ్చే వాళ్ళకి కదమ్మా ఇది’ అన్నారు.

కొన్నది జనవరిలో. మొదటి బ్రెడ్డు గుమ్మటంలా లేచింది. టెన్షన్ తీరింది, ఇక వచ్చేసిందనుకున్నాను. మే నెలలో అవే కొలతలు వేసి, అదే బటన్ నొక్కి, మూడు గంటల తర్వాత మూత తీస్తే నడిమధ్యన గుంట. చుట్టూ గోడలు నిలబడ్డాయి, పైకప్పు కూలిపోయింది. కోస్తే లోపలంతా పెద్ద పెద్ద బొక్కలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే లీలగా కల్లు వాసన. మెషీన్ పాడైందనే అనుకున్నాను. దానికేమీ కాలేదు. నాకూ దానికీ మధ్య మాట తేడా వచ్చింది, అంతే.

ఆ పెట్టెలో పెద్ద మర్మమేమీ లేదు. ఒక గిన్నె, అడుగున తిరిగే చిన్న రెక్క, మన వెట్ గ్రైండర్‌లో లాగే బెల్టుతో దాన్ని తిప్పే మోటారు, గిన్నె చుట్టూ హీటర్ కడ్డీ, వేడి చూసే ఒక సెన్సర్, వీటన్నిటికీ వేళలు చెప్పే బోర్డు. ఇంతసేపు కలుపు, ఇంతసేపు ఆగు, మళ్ళీ కలుపు, పొంగనివ్వు, గంటసేపు కాల్చు. పిండి పొంగిందా లేదా అని అది చూడదు, గడియారం చూసుకుంటుంది. వంటగది చల్లగా ఉంటే హీటర్‌ని కాస్త వెలిగించి పిండిని వెచ్చబెడుతుంది. వంటగది కాలిపోతుంటే మాత్రం దాని చేతిలో ఏమీ లేదు. చలిదేశపు అమ్మమ్మలా దానికి కప్పడం వచ్చు, విసరడం రాదు.

గడియారంతో సంబంధం లేనిది ఈస్ట్. పుట్టగొడుగుల వంశంలోదే, కాకపోతే ఒకే కణం ఉన్న ప్రాణి. పులియబెట్టేది ప్రాణమున్న జీవులేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857 నుంచి ప్రయోగాలతో చూపిస్తూ వచ్చాడు. చక్కెర తిని కార్బన్ డయాక్సైడూ, ఆల్కహాలూ వదలడం ఈస్ట్ పని. తాటికల్లులో పనిచేసేదీ ప్రధానంగా ఈ జాతే, నాకొచ్చిన వాసనకి కారణం అదే. పాతిక డిగ్రీల దగ్గర నింపాదిగా నడిచే ఈస్ట్, ముప్పై అయిదుకి చేరేసరికి దాదాపు రెండింతల జోరు అందుకుంటుంది. అరవై దగ్గర చచ్చిపోతుంది.

అంటే మే నెలలో మా గిన్నెలో పిండి గంటకి రావలసిన పొంగు అరగంటకే వచ్చేసింది. మెషీన్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి ఇంకో అరగంట వేచి ఉంది. బుడగలు పెరిగి పెరిగి, వాటి గోడలు పల్చబడి ఒకదాంట్లోకి ఒకటి తెగిపోయాయి. కాల్చడం మొదలయ్యాక పిండిలోని గంజి పదార్థం ఉడికి, ప్రోటీన్ గట్టిపడితేనే కట్టడం నిలుస్తుంది. దానికి లోపల డెబ్బై డిగ్రీలు దాటాలి. అప్పటిదాకా ఆ పల్చటి గోడలు ఆగలేదు.

ఏసీ వంటగది కట్టించుకోనక్కర్లేదు, నీళ్ళు మారిస్తే చాలు. బేకరీల్లో ఒక పాత లెక్క ఉంది. పిండి కలపడం అయ్యేసరికి ముద్ద 27 డిగ్రీలు ఉండాలనుకుందాం. దాన్ని మూడుతో హెచ్చవేస్తే 81. అందులోంచి గది వేడి, మైదా వేడి, రెక్క రాపిడి వల్ల పుట్టే వేడి తీసేస్తే, మిగిలింది నీళ్ళు ఉండవలసిన వేడి. మే నెల సాయంత్రం మా వంటగది 36, డబ్బాలో మైదా 35, రాపిడికి ఓ 5 వేసుకుంటే మొత్తం 76. నీళ్ళు 5 డిగ్రీలు ఉండాలి. అంటే ఐసు ముక్కలు వేసిన నీళ్ళు. నేను పోసింది కుళాయి నీళ్ళు. ఎండాకాలం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చేతికి చురుక్కుమంటాయి, నలభైకి తక్కువ ఉండవు. అదే లెక్క జనవరిలో వేస్తే, గది 25, మైదా 24, రాపిడి 5 పోగా నీళ్ళు 27. కుళాయి నీళ్ళే సరిపోయాయి. నా చేతి గొప్పతనం కాదన్నమాట.

ఇప్పుడు ఎండాకాలం మైదా కూడా ఫ్రిజ్‌లోనే పెడుతున్నాను. ఈస్ట్ మూడో వంతు తగ్గిస్తాను. ఉప్పు తగ్గించను. మూడొందల గ్రాముల మైదాకి అయిదు గ్రాముల ఉప్పు ఉండాల్సిందే. రుచి సంగతి అలా ఉంచితే, ఈస్ట్‌కి ముకుతాడు వేసేది అదే. రాత్రి టైమర్ పెట్టి పొద్దున్నకి బ్రెడ్డు కావాలనుకోవడం మా ఊళ్ళో డిసెంబరు, జనవరి సరదా. అప్పుడైనా నీళ్ళు అడుగున, పైన మైదా, మైదాలో చిన్న గుంట చేసి అందులో పొడి ఈస్ట్, ఉప్పు దూరంగా ఓ మూల. టైమ్ కాకముందే ఈస్ట్‌కి తడి తగిలితే కథ మళ్ళీ మొదటికి.

బుడగలకి గోడలు కట్టేది గ్లూటెన్ అనే గోధుమ ప్రోటీన్. దాన్ని కళ్ళతో చూడాలంటే నిమ్మకాయంత మైదా ముద్ద కలిపి, ఓ పావుగంట నాననిచ్చి, గిన్నెడు నీళ్ళలో పిసుకుతూ కడగండి. మొదట నీళ్ళు పాలలా తెల్లబడతాయి, అది గంజి పదార్థం. నీళ్ళు నాలుగైదుసార్లు మార్చాక చేతిలో బూడిదరంగు ముద్దొకటి మిగులుతుంది, లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి పోతుంది. 1745లో ఇటలీ శాస్త్రవేత్త బెక్కారి అచ్చువేసిన ప్రయోగం ఇదే. మనకిది కొత్త కాదు. బొబ్బట్ల పైపిండిని పల్చగా కలిపి, నూనెలో నానబెట్టేది ఈ గ్లూటెన్ కోసమే. నానిన పిండి అరచేయంత పూర్ణాన్ని చిరగకుండా కప్పుతుంది. బ్రెడ్డులో పూర్ణం బదులు గాలి, తేడా అంతే. గోధుమపిండితో అయితే తవుడు ముక్కలు ఆ పొరల్ని కోస్తుంటాయి, నీళ్ళూ ఎక్కువ తాగుతాయి. అందుకే ఆ బ్రెడ్డు మైదా అంత లేవదు. సగం సగం కలిపితే మా ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు.

ఈ పిసకడమే మెషీన్ తయారుచేసినవాళ్ళని బాగా ఏడిపించింది. 1985లో జపాన్‌లోని ఒసాకాలో మత్సుషిత కంపెనీ ఇంజనీర్లు ఎంత మార్చినా పిండి సరిగ్గా కుదరలేదు. చివరికి ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో పెద్ద బేకర్ దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్ళింది. ఆయన పిండిని ఒత్తి ఊరుకోవడం లేదు, మెలిపెడుతూ సాగదీస్తున్నాడు. ఆ సంగతి ఆయన నోటితో చెప్పింది కాదు, ఆవిడ చూసి పట్టుకుంది. ఆ మెలిక రావడానికి మెషీన్ లోపల గట్లు పెట్టారు. మీ మెషీన్ గిన్నె లోపలి గోడకి ఉబ్బెత్తు గీతలు ఉంటే ఓసారి తడిమి చూడండి, పిండిని ఆపి మెలిపెట్టడానికే అవి.

కలపడం మొదలైన పది నిమిషాలకి మూత తీసి చూడొచ్చు, తప్పేమీ లేదు. ముద్ద గిన్నె గోడల్ని వదిలి నున్నగా తిరగాలి. వేలితో నొక్కితే కొంచెం అంటినట్టే అంటి వదిలేయాలి. వానాకాలం మైదా గాలిలో చెమ్మ పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఒకటి రెండు చెంచాల నీళ్ళు తగ్గుతాయి. కాల్చడం మొదలయ్యాక మాత్రం మూత జోలికి వెళ్ళొద్దు. కరెంటు పోతే కొన్ని మెషీన్లు పది నిమిషాల దాకా ఎక్కడ ఆగాయో గుర్తుపెట్టుకుంటాయి, అంతకు మించితే పిండి తీసి చపాతీలో పూరీలో చేసుకోవడమే.

ఇక శుభ్రం చేయడం. నా రెండో తప్పు ఇక్కడే. రెక్క బ్రెడ్డులో ఇరుక్కుంటుంది లేదా ఇరుసుకి అతుక్కుపోతుంది. అంట్లగిన్నెలాగే దీన్నీ రాత్రంతా సింకులో నీళ్ళల్లో ముంచి ఉంచాను. గిన్నె అడుగున ఇరుసు దూరేచోట ఒక రబ్బరు వాషర్ ఉంటుంది, పిండి నీళ్ళు కిందకి కారకుండా ఆపేది అదే. బయటివైపు నుంచి నీళ్ళు ఎక్కి ఇరుసు తుప్పు పట్టింది, కొన్నాళ్ళకి తిరిగేటప్పుడు కీచుమనడం మొదలుపెట్టింది. గిన్నె లోపల మాత్రమే రెండు వేళ్ళ ఎత్తు గోరువెచ్చని నీళ్ళు పోసి పావుగంట ఉంచితే రెక్క దానంతటదే వదులుతుంది. స్టీలు పీచు వద్దు, అట్లకాడతో గీకడం అసలు వద్దు. హీటర్ ఉన్న గదిలో పడ్డ రజను చల్లారాక తడిగుడ్డతో తుడిచేయాలి, లేకపోతే చీమలూ, వెచ్చదనానికి బొద్దింకలూ కాపురం పెడతాయి.

ఇంటి బ్రెడ్డులో కాల్షియం ప్రొపియనేట్ ఉండదు. కొన్న బ్రెడ్డు కవరు మీద ఐఎన్ఎస్ 282 అని రాసి ఉండేది ఇదే, బూజుని ఆపేది. మన ఉక్కపోతకి మూడో రోజుకల్లా పచ్చటి చుక్కలు వస్తాయి. అలాగని ఫ్రిజ్‌లో పెడితే ఇంకో చిక్కు. ఉడికి విడిపోయిన గంజి పదార్థం ఆ చలికి మళ్ళీ గట్టిగా పేరుకుంటుంది, బ్రెడ్డు బయట కంటే త్వరగా బిరుసెక్కుతుంది. ఫ్రీజర్‌లో ఆ పని దాదాపు ఆగిపోతుంది. చల్లారాక ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు పెనం మీద వేడి చేసుకుంటే సరి.

మొన్న ఉగాది ముందురోజు పిన్నిగారు ఓ గిన్నెడు మైదా పట్టుకొచ్చారు. ‘చేతులు నొప్పులమ్మా, నీ పెట్టెలో ఓ పావుగంట తిప్పి పెట్టు, బొబ్బట్లకి’ అన్నారు. నీళ్ళు పోసి, పిండి కలిపే బటన్ మాత్రం నొక్కాను. తిరుగుతున్నంతసేపూ ఆవిడ అక్కడే కూర్చుని, ‘ఈస్ట్ వేయలేదు కదా’ అని రెండుసార్లు అడిగారు. తీసిన ముద్దని రెండు వేళ్ళతో లాగి చూసి, ‘ఇంకో రెండు చెంచాల నీళ్ళు పట్టేది’ అన్నారు.