చలిజ్వరం: కణాల కబుర్లు, మన అపోహలు

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో మలేరియా గురించి ఎక్కువగా వినిపించే మాటలివి.

"జ్వరం తెచ్చేది మలేరియా క్రిమే."

నేరుగా కాదు. ఎర్ర రక్తకణాల్లో పెరిగిన క్రిములు వాటిని పగలగొట్టుకుని బయటపడతాయి. పగిలిన కణాల చెత్త తగలగానే రక్షక కణాలైన మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే ప్రోటీన్లు వదులుతాయి. ఇవే సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు. సరిపోయే గ్రాహకం (కబురు అందుకునే భాగం) ఉన్న కణానికే కబురు అందుతుంది, అందుకున్న కణాన్ని బట్టే పని మారుతుంది. ఐఎల్-6 కాలేయానికి చేరితే సీఆర్‌పీ తయారవుతుంది (రక్తపరీక్షలో పెరిగిందని చెప్పేది అదే). మెదడు రక్తనాళాల గోడకు చేరితే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం పుడుతుంది. అది మెదడులోని హైపోథాలమస్‌లో ఉష్ణోగ్రత మట్టాన్ని, ఉదాహరణకు 37 నుంచి 39.5 డిగ్రీలకు జరుపుతుంది. ఒళ్లు ఆ మట్టం అందుకునేదాకా వణుకు.

వైవాక్స్ అనే రకం మలేరియాలో కణాలు పగలడం సుమారు 48 గంటలకోసారి. ఫాల్సిపారం అనే మరో రకంలో అంత క్రమం ఉండదు. ఈ జిల్లాల్లో ఎక్కువ అదే కాబట్టి, రోజు విడిచి రోజు రాలేదని మలేరియా కాదనుకోకండి.

"పారాసిటమాల్‌తో తగ్గింది, పరీక్షెందుకు?"

ఆ మాత్ర ప్రోస్టాగ్లాండిన్ తయారీని కొన్ని గంటలు ఆపుతుంది, అంతే. క్రిమి లోపల పెరుగుతూనే ఉంటుంది. ఆశా కార్యకర్త దగ్గరి మలేరియా పరీక్ష కిట్‌కు వేలి నుంచి ఒక చుక్క నెత్తురు చాలు. కిట్ మీద రాసిన సమయానికే చూడాలి, ఆలస్యమైతే లేని గీత కనిపించవచ్చు. కంట్రోల్ గీత (పరీక్ష సరిగా జరిగిందని చూపేది) రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. ఫాల్సిపారం తగ్గాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ రావచ్చు, దాన్ని చూసి మందు పనిచేయలేదనుకోనక్కర్లేదు.

"ఒక్క స్టెరాయిడ్ సూదితో జ్వరం దిగుతుంది."

దిగుతుంది, అదే చిక్కు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సైటోకైన్ల తయారీనే అణచేస్తుంది, జబ్బు కనపడకుండా ముదురుతుంది. 1982లో వెలువడిన థాయ్‌లాండ్ పరిశీలనలో మెదడుకెక్కిన మలేరియాకు ఇది ఇస్తే మరణాలు తగ్గలేదు, బతికినవాళ్లలో కోమా మరింత సేపు సాగింది.

"ఇమ్యూనిటీ ఎంత పెంచితే అంత మంచిది."

టీఎన్‌ఎఫ్ మితిమీరితే రక్తనాళాల గోడల మీద ఐక్యామ్-1 అనే అతుక్కునే ప్రోటీన్ పెరుగుతుంది, క్రిమి ఉన్న కణాలు మెదడులో అతుక్కుపోవడానికి అది తోడ్పడుతుంది. అలాగని టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే సరిపోతుందా? ఆఫ్రికాలోని గాంబియా పిల్లల్లో దాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చి చూశారు, మరణాలు తగ్గలేదు. మగత, మూర్ఛ, నల్లటి మూత్రం కనిపిస్తే పొడులూ కషాయాలూ పక్కనపెట్టి, మలేరియా మందు ఆర్టెసునేట్ సూది ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.