కారు కెమెరాకు ఒక కార్డు, పాటలకు ఇంకో పెన్‌డ్రైవ్

రోహిణి కార్తెలో బెంజ్ సర్కిల్ దగ్గర నీడ లేని చోట కారు ఆపి రెండు గంటలు పనిమీద వెళ్తే, తిరిగి వచ్చేసరికి లోపలి వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. ఎండ నేరుగా పడే డాష్‌బోర్డు, ముందు అద్దం ఇంకా కాలిపోతాయి. కారు కెమెరా (డాష్‌క్యామ్) వీడియోలు రాసుకునే కార్డు ఉండేది సరిగ్గా అక్కడే. అయినా కొనేటప్పుడు చాలామంది ఎన్ని జీబీలు, ఎంత ధర అనే అడుగుతారు. ప్యాకెట్ వెనకో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో చిన్న అక్షరాల్లో ఉండే ఉష్ణోగ్రత హద్దును పట్టించుకోరు. మామూలు పెన్‌డ్రైవ్‌లు చాలావరకు 60 డిగ్రీల దాకే పనిచేస్తాయి, కొన్నిటికి హద్దు 45 మాత్రమే. డాష్‌క్యామ్‌ల కోసమే చేసిన, ఎడతెగకుండా రాసినా తట్టుకునే హై ఎండ్యూరెన్స్ మైక్రో ఎస్‌డీ కార్డులు 85 దాకా తట్టుకుంటాయి. కృష్ణా, గుంటూరు ఎండలకు మిగతా అంకెలన్నీ దీని తర్వాతే.

ఈ కార్డుల్లో, పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్లాష్ మెమరీలో సమాచారం అంటే సన్నని ఆక్సైడ్ పొర వెనక బంధించిన ఎలక్ట్రాన్లు. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ పొర కొద్దిగా దెబ్బతింటుంది. వేడి పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు త్వరగా జారిపోతాయి. టీఎల్‌సీ రకంలో ఒక్కో గదిలో (సెల్‌లో) 3 బిట్లు, అంటే 8 వోల్టేజి మెట్లు. క్యూఎల్‌సీలో 4 బిట్లకు 16 మెట్లు. మెట్లు ఇరుకైతే కాస్త లీకైనా లెక్క తప్పుతుంది. పైగా పలక మీద ఒక్క అక్షరం మార్చడానికి పలకంతా తుడిచినట్టు, ఇక్కడ బ్లాకు మొత్తం చెరిపితే గానీ కొత్తది రాయడం కుదరదు. టీఎల్‌సీ వెయ్యి చెరుపులు, ఆపైన కూడా తట్టుకుంటుంది. చవక క్యూఎల్‌సీ కొన్ని వందలకే అలసిపోతుంది.

1080పీ వీడియోకు సెకనుకు 15 మెగాబిట్లు అనుకుంటే గంటకు 6.75 జీబీ. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ వచ్చిపోయేవారికి రెండు గంటల ప్రయాణం, 13.5 జీబీ. నిండినప్పుడల్లా పాతవి చెరిపి కొత్తవి రాసుకుంటూ పోతే, వెయ్యి చెరుపులు తట్టుకునే 64 జీబీ కార్డు కాగితం మీద పన్నెండేళ్లకు పైనే రావాలి. ఇలాంటి కారులో కార్డు పాడైందంటే అరుగుదల కన్నా వేడినో, నకిలీ సరుకునో ముందు అనుమానించాలి. అదే బండి ఆగి ఉన్నా రికార్డు చేసే పార్కింగ్ మోడ్‌లో ముందూ వెనకా రెండు కెమెరాలు 24 గంటలూ తిరిగితే రోజుకు 324 జీబీ. అప్పుడు ఆ కార్డు ఆరేడు నెలల్లో అయిపోతుంది. 256 జీబీ తీసుకుంటే ఆయుష్షు నాలుగింతలు. పాత వీడియోలు దాచుకోవడానికి కాకపోయినా, అరుగుదల పంచుకోవడానికైనా పెద్దది కొనాలి.

వేగానికి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. ఒక కెమెరాకు కావాల్సింది సెకనుకు 2 ఎంబీ కూడా కాదు. టెస్లా తన కార్లకు అడిగేది కూడా కనీసం 64 జీబీ, సెకనుకు 4 ఎంబీ నిలకడ వేగమే. కార్డు మీద వీ30 గుర్తు ఉంటే సెకనుకు 30 ఎంబీకి హామీ, అది ధారాళంగా సరిపోతుంది. యూఎస్‌బీలోకే రికార్డు చేసే కార్లకు, మంచి కార్డ్ రీడర్‌లో హై ఎండ్యూరెన్స్ కార్డు పెట్టి వాడటం మేలు. పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ కూడా బాగుంటుంది గానీ, చాలావాటికి 60 డిగ్రీలే హద్దు కాబట్టి చిన్న కేబుల్‌తో గ్లవ్ బాక్సులో ఉంచాలి.

పాటల సంగతి వేరు. ఒకసారి ఎక్కించాక చదవడమే తప్ప రాయడం ఉండదు, కాబట్టి మామూలు 32 జీబీ డ్రైవ్ చాలు. 320 కేబీపీఎస్ ఎంపీ3 ఐదు నిమిషాల పాట 12 ఎంబీ, అంటే రెండున్నర వేల పాటలు పడతాయి. చాలా కారు స్టీరియోలు చదివేది ఫ్యాట్32 అనే ఫార్మాట్ మాత్రమే. రికార్డింగు డ్రైవ్ 64 జీబీ, ఆపైనదైతే సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్. కార్డునైతే కెమెరా మెనూలోనే ఫార్మాట్ చేయండి. పాటలు, రికార్డింగు రెండూ ఒకే డ్రైవ్‌లో కలిపితే పాటలు ఆక్రమించిన చోటు రికార్డింగుకు తగ్గిపోతుంది, మిగిలిన కొద్ది చోటే మళ్లీ మళ్లీ నిండుతుంది. స్టీరియో డ్రైవ్‌ను గుర్తించకపోతే ముందు పోర్టు మార్చి చూడండి, కొన్ని పోర్టులు చార్జింగుకే.

కొన్ని వందల రూపాయలకే 2 టీబీ అని అమ్మేవి నకిలీవి. లోపల ఉండే కొద్ది చోటు నిండాక, రాసిందంతా ఎటో పోతుంది. కెమెరా మాత్రం ఎర్ర లైటు వెలిగిస్తూనే ఉంటుంది. కొన్న రోజే విండోస్ కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్ లేదా మ్యాక్ అయితే ఎఫ్3 అనే పరీక్ష ప్రోగ్రామ్ నడిపి మొత్తం నింపి చూడాలి. సెకనుకు 20 ఎంబీ రాసే 128 జీబీ కార్డు నిండడానికే గంటా ముప్పావు పడుతుంది. ఓపిక పట్టండి. ఆపై నెలకోసారి ఏదో ఒక పాత క్లిప్ తెరిచి చూడండి. తెరుచుకోకపోయినా, కార్డు ఎంతకీ ఫార్మాట్ కాకపోయినా అది చివరి దశకు వచ్చినట్టే.

ప్రమాదం జరిగితే ఆ క్లిప్ చెరిగిపోకుండా కెమెరాలో లాక్ చేసి, కెమెరా పూర్తిగా ఆగాక కార్డు తీసేయండి. రాస్తుండగా లాగితే ఆఖరి ఫైలే పాడవుతుంది. కాపీ తీసుకున్నా అసలు కార్డును ఫార్మాట్ చేయవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలుకు డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. అసలు కార్డును కవర్లో పెట్టి, తీసిన తేదీ, సమయం రాసి ఉంచండి. బండిలో వెంటనే పెట్టడానికి అలాంటిదే ఇంకో కార్డు ఇంట్లో ఉండాలి.